ధ్యాన్‌చంద్ టర్ఫ్ మీద ఆడితే? హర్మన్‌ప్రీత్ బురదలో ఆడితే?

కోనసీమ కుర్రోడు (అమలాపురం)
29 ఆగస్టు 2024, ఉదయం 8:10

అందరికీ జాతీయ క్రీడా దినోత్సవ శుభాకాంక్షలండి. మా ఇంట్లో మాత్రం పొద్దున్నే గొడవ. మా పెదనాన్న పేపర్లో పాతతరం హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ ఫోటో చూసి కళ్ళకద్దుకున్నారు. నేను ఊరుకోవచ్చు కదా. "ఆయన గొప్పేలే పెదనాన్నా, కానీ మన హాకీ జట్టు హర్మన్‌ప్రీత్ ఇప్పుడు పారిస్ ఒలింపిక్స్‌లో పది గోల్స్ కొట్టాడు తెలుసా" అన్నాను. ఆయన పెసరట్టు తినడం ఆపేసి, "ఒరేయ్, మీవాణ్ణి ఓసారి మన కాలవగట్టు పక్క గ్రౌండులో ఆడమను. ఊడ్పులయ్యాక రమ్మను. అప్పుడు మాట్లాడదాం" అన్నారు. అంతే, పెద్దమ్మ నాకు రెండో అట్టు వెయ్యలేదు.

నా వాదన ఇదీ. 1932 లాస్ ఏంజెలెస్‌లో హాకీకి వచ్చినవి మూడే మూడు జట్లు: మనం, జపాన్, అమెరికా. అమెరికాని 24-1 తో కొట్టాం. రూప్‌సింగ్ పది, వాళ్ళన్న ధ్యాన్‌చంద్ ఎనిమిది. ఆ స్కోరు చూస్తే హాకీ మ్యాచ్‌లా ఉందా, కబడ్డీలా ఉందా? ఇప్పుడు మనవాళ్ళు పారిస్‌లో 13 రోజుల్లో 8 మ్యాచ్‌లు ఆడారు. బెల్జియం, ఆస్ట్రేలియా, అర్జెంటీనా, బ్రిటన్, జర్మనీ, స్పెయిన్, ఇలా ఒకదాని తర్వాత ఒకటి. అందులో పతకం తేవడం పెద్ద పనా, అది పెద్ద పనా?

మీరేమంటారు? ఎటకారం కాస్త తగ్గించి రాయండి, పెదనాన్నకి చదివి వినిపించాలి.


రాజోలు రైట్‌వింగ్
29 ఆగస్టు, 8:22

పెసరట్టులోకి ఉప్మా ఉందా లేదా? అది తేలితే గానీ నేనే పక్షమో చెప్పలేనండి.


లెక్కల మాస్టారు (తణుకు)
29 ఆగస్టు, 9:05

తమ్ముడూ, పది అన్నావు సరే, ఆ పదిని కాస్త విప్పి చూద్దాం. పారిస్‌లో ఇండియా మొత్తం గోల్స్ 15. అందులో హర్మన్‌ప్రీత్‌వి 10. ఆ పదిలో 7 పెనాల్టీ కార్నర్లు, 3 పెనాల్టీ స్ట్రోకులు, అంటే ఎదుటివాళ్ళ తప్పులకి దక్కిన అవకాశాలు. ఫీల్డ్ గోల్ (ఆట నడుస్తుండగా కొట్టేది) ఒక్కటీ లేదు.

ఇది తప్పు పట్టడం కాదు. అతను ఫుల్‌బ్యాక్. వెనకాల గోడలా నిలబడాల్సినవాడు. ధ్యాన్‌చంద్ సెంటర్ ఫార్వర్డ్, గోల్ కొట్టడమే ఆయన పని. ఇద్దరి గోల్స్ లెక్కేసి ఎవరు గొప్పంటే, వికెట్ కీపరు పరుగులూ ఓపెనరు పరుగులూ పోల్చినట్టే.

ఇక పాతాయన లెక్క. 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో 5 మ్యాచ్‌లు, మనవాళ్ళు 29 గోల్స్, ఎదుటివాళ్ళు సున్నా. ఆ 29లో 14 ఆయనవే. ఫైనల్లో సొంత గడ్డ మీద హాలెండ్‌ని 3-0 తో ఓడించారు. జట్లు బలహీనం అన్నావు, ఒప్పుకుంటా. కానీ బలహీన జట్టు మీద గెలవడం వేరు, అయిదు మ్యాచ్‌ల్లో ఒక్క గోలూ ఇవ్వకపోవడం వేరు.


భీమవరం రొయ్య
29 ఆగస్టు, 9:31

1932 పట్టుకుని వేలాడతావేం బాబూ? 1936 గురించి ఒక్క ముక్క రాయలేదే? బెర్లిన్, జర్మనీ, 8-1. స్టేడియంలో అంతా వాళ్ళ జనమే. ధ్యాన్‌చంద్ స్టిక్కులో అయస్కాంతం ఉందేమోనని స్టిక్కు విరగ్గొట్టి చూశారంట. ఇప్పుడున్నవాళ్ళలో ఎవడి స్టిక్కునైనా విరగ్గొట్టి చూశారా?


లంక పిల్ల
29 ఆగస్టు, 10:14

బాబాయ్ గారూ, ఆ అయస్కాంతం కథ మా కోచ్ గారు కూడా చెబుతారు. బంతి ఇనుముది కాదు కదా అని అడిగితే గ్రౌండు చుట్టూ మూడు రౌండ్లు కొట్టించారు.

నేను కాకినాడలో టర్ఫ్ (కృత్రిమ గడ్డి పరిచిన గ్రౌండు) మీద ప్రాక్టీస్ చేస్తానండి, ఇంకా జిల్లా స్థాయే. ఒక్క మాట చెబుతాను. ఇప్పటి హాకీలో పదిహేను నిమిషాల క్వార్టర్లు నాలుగు. ఆటగాళ్ళని ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. దానివల్ల ఆట తేలికైందనుకుంటారు పెద్దవాళ్ళు. నిజానికి కష్టమైంది. గ్రౌండులో ఉన్న అయిదారు నిమిషాలూ ఊపిరి బిగబట్టి పరిగెత్తాలి, బయటికి రావాలి, నీళ్ళు తాగేలోపు మళ్ళీ పిలుస్తారు. వెనకటిలా 35 నిమిషాల సగంలో కాసేపు నెమ్మదిగా ఆడి కాసేపు రెచ్చిపోవడం ఉండదు. ఫౌల్ ఇచ్చారంటే ఎవరికో పాస్ ఇవ్వాలని లేదు, తనకి తనే బంతి జరుపుకుని వెళ్ళిపోవచ్చు. మనం అంపైర్‌ వైపు చూసేలోపు బంతి డీలో (గోల్ ముందు గీసిన అర్ధవలయంలో) ఉంటుంది.

ఇంకోటి. ఇంత రాశారు, ఆడవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. మాకు ధ్యాన్‌చంద్ కాలం అనేదే లేదండి. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ హాకీ మొదలైందే 1980 మాస్కోలో. అప్పుడు మనవాళ్ళు నాలుగో స్థానం. మళ్ళీ నాలుగో స్థానం టోక్యోలో. క్వార్టర్స్‌లో ఆస్ట్రేలియాని 1-0 తో ఓడించారు, గుర్జీత్ కార్నర్ గోల్, గోల్‌కీపర్‌గా సవిత. దక్షిణాఫ్రికా మీద వందనా కటారియా హ్యాట్రిక్. ఇండియా గోల్‌కీపర్‌గా ఆడిన రజని మన ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి. మా తరానికి వీళ్ళే పాత తరం, వీళ్ళే కొత్త తరం.


భీమవరం రొయ్య
29 ఆగస్టు, 10:20

అమ్మాయ్, నువ్వు చెప్పింది బాగుంది. మూడు రౌండ్లు కొట్టించిన కోచ్ కూడా బాగున్నాడు.


గట్టుమీద గోపి
29 ఆగస్టు, 11:02

అసలు ధ్యాన్‌చంద్‌కి భారతరత్న ఎందుకివ్వలేదో అది ముందు చర్చించాలి. క్రికెట్‌కైతే 2014లోనే ఇచ్చేశారు. ఖేల్‌రత్నకి ఆయన పేరు పెట్టింది కూడా 2021లో. దీనికి కారణం ఎవరంటే


నిర్వాహకుడు
29 ఆగస్టు, 11:06

కారణం ఎవరన్నది ఇక్కడ వద్దండి. పై పోస్టులో ఆ తర్వాతి మూడు పేరాలు తీసేశాను. దానికి వేరే చర్చ ఉంది, పోయినేడాది నుంచీ నడుస్తూనే ఉంది, అక్కడ కొట్టుకోండి.


రిటైర్డ్ పీడీ (పాలకొల్లు)
29 ఆగస్టు, మధ్యాహ్నం 2:47

అబ్బాయిలూ, భోజనం చేసి తీరిగ్గా రాస్తున్నాను. టైపింగ్ తప్పులుంటే సర్దుకోండి.

అమలాపురం అబ్బాయి వాళ్ళ పెదనాన్న అన్న మాట ఎటకారం కాదు. ఆయన గ్రౌండు గురించి మాట్లాడారు. మీరంతా ఆటగాళ్ళని పోలుస్తున్నారు గానీ, ముందు పోల్చాల్సింది వాళ్ళ కాళ్ళ కింద నేలని.

నేను ఉద్యోగంలో చేరిన హైస్కూల్ గ్రౌండు కాలవ పక్కనే ఉండేది. మన డెల్టా నల్లమట్టి సంగతి మీకు తెలుసు కదా. ఎండాకాలం చెయ్యి పట్టేంత బీటలు. బంతి ఆ బీట అంచుకి తగిలిందంటే ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి. మోకాలి చిప్ప మీద ఎన్ని దెబ్బలో. వానాకాలం వచ్చిందా, బంతి కొడితే పది అడుగులు పోయి బురదలో కూర్చుంటుంది. సంక్రాంతి నుంచి మార్చి దాకా ఏదో ఆడుకునేవాళ్ళం. ఇసుక తోలించి, రాతి రోలరు లాగి. ఆ రోలరు లాగడమే మా పిల్లలకి వెయిట్ ట్రైనింగ్. స్టిక్కులు పది, పిల్లలు ఇరవై ఇద్దరు. మిగతావాళ్ళకి కొబ్బరిమట్ట చెక్కి ఇచ్చేవాణ్ణి.

అలాంటి నేల మీద మొదట నేర్చుకునేది గోల్ కొట్టడం కాదు, బంతిని ఆపడం. ట్రాపింగ్. వచ్చే బంతి చివరి అడుగులో ఎటు ఎగురుతుందో ముందే పసిగట్టి స్టిక్కు పెట్టాలి. ఒకసారి ఆగిందంటే ఇక వదలకూడదు, ఎందుకంటే పాస్ ఇస్తే వెళుతుందన్న నమ్మకం లేదు. అందుకే డ్రిబ్లింగ్, అంటే బంతిని స్టిక్కు దగ్గరే ఉంచుకుని తీసుకెళ్ళడం. మన దేశంలో డ్రిబ్లింగ్ అంత గొప్పగా పెరిగిందంటే అది సరదాకి పుట్టిన కళ కాదు, గతిలేక పుట్టిన కళ అని నా అభిప్రాయం.

బెర్లిన్ ఫైనల్ సంగతి భీమవరం ఆయన రాశారు. అందులో నాకు నచ్చేది 8-1 కాదు. ఒలింపిక్స్‌కి ముందు ప్రాక్టీస్ మ్యాచ్‌లో అదే జర్మనీ మనవాళ్ళని 4-1 తో ఓడించింది. భయం పుట్టి అలీ దారా అనే ఫార్వర్డ్‌ని ఇండియా నుంచి పిలిపించారు. ఫైనల్ ఆగస్టు 14న జరగాలి, వాన పడి 15కి వాయిదా. తడి నేల. సగం ఆట అయ్యేసరికి స్కోరు 1-0 మాత్రమే. అప్పుడు ధ్యాన్‌చంద్ మేకుల బూట్లు విప్పేసి దిగాడు, తర్వాత గోల్స్ వరసపెట్టి పడ్డాయి. బురదలో బూటు కంటే పాదం నయమని ఊడ్పు చేలో దిగినవాడెవడికైనా తెలుసు కదండీ.

మరో ముక్క. ఆ రోజుల్లో ఆఫ్‌సైడ్ ఉండేది. ఇప్పుడు ఫార్వర్డ్ వెళ్ళి గోల్‌కీపర్ పక్కన కాపు కాయొచ్చు, 1998 నుంచి ఆ అడ్డు లేదు. ఆఫ్‌సైడ్ ఉండగా అన్ని గోల్స్ కొట్టడం వేరు. అది కూడా లెక్కలో వెయ్యండి, తణుకు మాస్టారూ.

ఇక రెండో వైపు. ఒకసారి మా స్కూల్ జట్టుని సిటీలో టర్ఫ్ మీదికి తీసుకెళ్ళాను. మ్యాచ్‌కి ముందు గ్రౌండు మీద నీళ్ళు కొడుతుంటే మా పిల్లలు ఒకటే నవ్వు. "సార్, మనం నీళ్ళు తోడేసి ఆడతాం, వీళ్ళు నీళ్ళు పోసుకుని ఆడతారేంటి" అని. విజిల్ వేశాక నవ్వు ఆగిపోయింది. బంతి ఎగురుతుందని మావాళ్ళు స్టిక్కు పైకి పట్టుకు నిలబడతారు. అదేమో ఎగరదు, నేలకి అంటుకుని గీత గీసినట్టు కింద నుంచి వెళ్ళిపోతుంది. తొమ్మిదో పదో తిన్నాం. తిరుగు బస్సులో ఒక్కడూ మాట్లాడలేదు. మా సెంటర్ హాఫ్, మంచి ఆటగాడు, "సార్, బంతి ఆపడం మనకి వచ్చు కదా, మరేమైంది" అని అడిగాడు. ఏం చెప్పను? మనకొచ్చిన విద్య అక్కడ అవసరం లేదని ఎలా చెప్పను?

1976 మాంట్రియల్‌లో ఒలింపిక్స్‌కి మొదటిసారి టర్ఫ్ వేశారు. అంతకుముందు ఏడాదే కౌలాలంపూర్‌లో ప్రపంచకప్ గెలిచిన జట్టు మనది. ఫైనల్లో పాకిస్తాన్ మీద గెలుపు గోల్ ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్‌ది. ఆ జట్టు మాంట్రియల్‌లో ఏడో స్థానం. ఆ బస్సులో మా పిల్లల మొహాలు చూశాక మాంట్రియల్ నాకు బాగా అర్థమైంది.


కోనసీమ కుర్రోడు
29 ఆగస్టు, 3:30

మాస్టారూ, మీ పోస్టు పెదనాన్నకి వినిపించాను. "బూటు కంటే పాదం నయం" దగ్గర రెండుసార్లు చదివించుకున్నారు. నాకు అట్టు బాకీ తీరింది.

కానీ నేను పూర్తిగా ఒప్పుకోనండి. టర్ఫ్ రాకముందే మనం జారడం మొదలైంది కదా? 1960 రోమ్‌లో పాకిస్తాన్ చేతిలో 1-0 ఓటమి పచ్చిక మీదే. 1964 టోక్యోలో గెలిచాం, మళ్ళీ 68, 72 రెండూ కాంస్యాలే. టర్ఫ్ మీద తప్పు తోసేసి చేతులు దులుపుకుంటే ఎలా? టర్ఫ్ న్యూజిలాండ్‌కీ కొత్తేగా, మాంట్రియల్‌లో స్వర్ణం వాళ్ళదే.


రిటైర్డ్ పీడీ (పాలకొల్లు)
29 ఆగస్టు, 4:05

మంచి దెబ్బే కొట్టావు. ఒప్పుకున్నాను. ఎదుటివాళ్ళు పచ్చిక మీద కూడా మనల్ని అందుకున్నారు, నిజమే. టర్ఫ్ ఆ దూరాన్ని ఒక్కసారిగా పెంచింది. మన దగ్గర టర్ఫ్ గ్రౌండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉన్నప్పుడు వాళ్ళ క్లబ్బుల్లో పిల్లలు దాని మీదే పెరిగారు. 2008లో బీజింగ్‌కి అర్హత కూడా దక్కలేదు. అక్కణ్ణుంచి టోక్యో, పారిస్ దాకా ఎక్కి వచ్చినవాళ్ళని నేను తక్కువ చెయ్యను. ఆ మెట్లు ధ్యాన్‌చంద్ ఎక్కాల్సిన అవసరం రాలేదు, ఆయన పుట్టుకతోనే మేడ మీద ఉన్నాడు.


రాజోలు రైట్‌వింగ్
29 ఆగస్టు, 4:40

మధ్యలోవాళ్ళని అందరూ మర్చిపోయారు. 1936 నుంచి 2024కి ఒకే దూకు. మహమ్మద్ షాహిద్ ఏమయ్యాడు? 1980 మాస్కో స్వర్ణం టర్ఫ్ మీద కాదా? ఫైనల్లో స్పెయిన్ మీద 4-3. ధనరాజ్ పిళ్ళై నాలుగు ఒలింపిక్స్, నాలుగు ప్రపంచకప్‌లు ఆడాడు. మన తెలుగువాడు ముకేశ్ కుమార్, హైదరాబాద్, 1992, 96, 2000 మూడు ఒలింపిక్స్. పతకాలు లేని కాలంలో ఆడారు కాబట్టి వీళ్ళ ఫోటోలకి ఎవరూ దణ్ణం పెట్టరు. నేను రైట్‌వింగ్ ఆడింది ధనరాజ్‌ని టీవీలో చూసి. ఆయనలా జుట్టు పెంచితే మా నాన్న మంగలి దగ్గరికి లాక్కెళ్ళారు.


యానాం గోలీ
29 ఆగస్టు, రాత్రి 9:18

గోల్‌కీపర్లని ఎవరూ తల్చుకోరు, గోల్ తిన్నప్పుడు తప్ప. నేను తల్చుకుంటాను.

శంకర్ లక్ష్మణ్. 1956 మెల్‌బోర్న్‌లో ఇండియా 38 గోల్స్ కొట్టి ఒక్కటీ తినలేదు. గోల్‌లో ఆయన. 60లో రజతం, 64లో మళ్ళీ స్వర్ణం. తలకి హెల్మెట్ లేదు, ఛాతీకి కవచం లేదు, కాళ్ళకి ప్యాడ్లు మాత్రం. నేను కుర్రప్పుడు హెల్మెట్ లేకుండా రెండేళ్ళు నిలబడ్డాను, ఇప్పటికీ ముందు పన్ను ఒకటి కట్టుడుదే. కాబట్టి దాని సంగతి నాకు చెప్పొద్దు.

అలాగని మన కాలపు గోల్‌కీపర్ శ్రీజేష్‌ది తేలికా? లక్ష్మణ్ ఎదుట ఎవరూ డ్రాగ్ ఫ్లిక్ కొట్టలేదు. అప్పుడు కార్నర్ అంటే ఒకడు చేత్తో బంతి ఆపేవాడు, ఇంకొకడు బాదేవాడు. ఇప్పుడు బంతిని స్టిక్కుతో ఈడ్చి విసురుతారు, అది ఏ ఎత్తులో వస్తుందో చివరి క్షణం దాకా తెలియదు. టోక్యోలో జర్మనీ మీద 5-4, ఆఖరి సెకన్లలో కార్నర్, శ్రీజేష్ ఆపాడు. 41 ఏళ్ళ తర్వాత పతకం. పారిస్‌లో బ్రిటన్ మీద మన రోహిదాస్‌కి రెడ్ కార్డు పడి నలభై నిమిషాలకు పైగా పదిమందితో ఆడారు, 1-1 తో ఆగి షూటౌట్‌లో 4-2. ఆ మ్యాచ్ చూస్తూ మా ఆవిడ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, గాజు పగిలింది. టెన్షన్ అంటే అదీ.

నా ఓటు: లక్ష్మణ్‌కి ధైర్యానికి, శ్రీజేష్‌కి విద్యకి. ఇద్దర్నీ ఒకే తక్కెడలో పెట్టమంటే నేను పెట్టను.


భీమవరం రొయ్య
29 ఆగస్టు, 9:25

ముందు గాజు సంగతి చెప్పండి. కొత్తవి కొన్నారా?


యానాం గోలీ
29 ఆగస్టు, 9:27

డజను.


లంక పిల్ల
30 ఆగస్టు, ఉదయం 6:50

అమలాపురం అన్నయ్యా, మీ పెదనాన్న గారు ఆడేవారా? అయితే ఓ ఆదివారం కాకినాడ తీసుకురండి. పోయినేడాది సీనియర్ మహిళల జాతీయ పోటీలు జరిగింది ఈ గ్రౌండులోనే. మా ప్రాక్టీస్ అయ్యాక ఓ అరగంట కోచ్ గారిని అడుగుతాను. ఆయన స్టిక్కు ఆయన్నే తెచ్చుకోమనండి.


కోనసీమ కుర్రోడు
22 సెప్టెంబరు, రాత్రి 8:35

వానల వల్ల మూడు ఆదివారాలు వాయిదా పడి ఇవాళ కుదిరింది. యానాం వంతెన మీదుగా బస్సులో వెళ్ళాం. పెదనాన్న అటక మీద నుంచి పాత మల్బరీ కర్ర స్టిక్కు దించి, వారం రోజులు నూనె పట్టించారు. బస్సులో కండక్టరు "పాముని కొట్టడానికాండీ" అని అడిగాడు.

టర్ఫ్ మీద చెప్పులు విప్పేసి ముందు పాదంతో నొక్కి చూశారు, చేనులో పదును చూసినట్టు. లంక పిల్ల గట్టిగా ఒక పాస్ ఇచ్చింది. అరవై ఏడేళ్ళ మనిషి, వంగి, ఆపేశారు. చప్పుడు కూడా రాలేదు. ఇంకోటి, ఆపారు. పది ఇస్తే తొమ్మిది. కోచ్ గారు విజిల్ నోట్లో పెట్టుకుని అలాగే చూస్తున్నారు.

పరిగెత్తడం మాత్రం మూడు నిమిషాలే. బెంచీ మీద కూర్చుని ఆయాసపడుతూ, "ఇది బంతి కాదురా, చెప్పిన మాట వినే పిల్ల. ఇలా తిన్నగా వస్తే ఆపడంలో గొప్పేముంది? దీని వెనక పరిగెత్తడమే గొప్ప" అన్నారు. నేను డ్రాగ్ ఫ్లిక్ కొట్టబోతే బంతి కంచె దాటింది, దాని ప్రస్తావన వద్దు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఫోన్లో మొన్నటి ఫైనల్ చూపించాను. చైనాతో ఆసియా ఛాంపియన్స్ ట్రోఫీ, 1-0. కొట్టింది జుగ్‌రాజ్, ఫీల్డ్ గోల్. బంతి అందించింది హర్మన్‌ప్రీత్. ఫుల్‌బ్యాక్ డీలోకి దూసుకెళ్ళి పక్కవాడికి వదిలాడు. పెదనాన్న వెనక్కి తిప్పి మూడుసార్లు చూశారు.

"వీడెవడు?" అన్నారు.

"హర్మన్‌ప్రీతే పెదనాన్నా."

"గోల్ కొట్టినవాడు కాదురా, ఇచ్చినవాడు."

"ఇచ్చినవాడే హర్మన్‌ప్రీత్."

ముమ్మిడివరం వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫోన్ అడిగి తీసుకుని, ఇంకోసారి చూశారు.


రాజోలు రైట్‌వింగ్
22 సెప్టెంబరు, 8:41

రేపు పొద్దున అట్టు ఎన్ని వేశారో రాయండి.